మాత్రల కింద ఇంకో లైన్: ఫిజియోథెరపీకి కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం

మాది సోమశిల. ఈ మాట అనగానే క్లాసులో సగం మంది "నెల్లూరు డ్యామ్ దగ్గరా?" అని అడుగుతారు. కాదు, అది పెన్నా మీద ఉన్న సోమశిల. మాది కృష్ణ ఒడ్డున, నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్ దగ్గర ఉన్న సోమశిల. శ్రీశైలం డ్యామ్ నిండితే ఆ నీళ్ళు మా ఘాట్ మెట్ల దాకా వచ్చి నిలబడతాయి. మా తాత చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళలోనే చేపలు పట్టాడు. పుట్టి, తెడ్డు, వల, ఇవే ఆయన ఆస్తి.

పోయిన ఏడాది ఆగస్టులో, నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో, పొద్దున్నే పాకురు పట్టిన మెట్టు మీద జారి పడ్డాడు. కుడి చెయ్యి ఒంటి కింద పడింది. భుజానికి కొంచెం కింద ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మెడకు బట్ట సంచి లాంటిది తగిలించి, చెయ్యి అందులో పెట్టి, మందులు రాసి పంపించారు.

నేనప్పుడు హాస్టల్లో ఉన్నా. చిన్నాయన ఆ చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మా ఇంట్లో ఇంగ్లీష్ మీడియం చదివింది నేనొక్కణ్ణే. "ఏ గోళీ ఎప్పుడెయ్యాల్నో జర సూసి చెప్పు" అన్నాడు. జూమ్ చేసి చూసి, ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది అన్నం తిన్నాక అని వాయిస్ మెసేజ్ పెట్టా. నా పని అయిపోయిందనుకున్నా.

ఆ చీటీలో మాత్రల కింద ఇంకో లైన్ ఉంది. మూడు వారాల తర్వాత ఫిజియోథెరపీ మొదలుపెట్టాలని. నేను దాన్ని చదివాను కూడా. కానీ అదేదో "వీలైతే చేయించుకోండి" టైపు సలహా అనుకుని ఇంట్లో చెప్పలేదు.

ఈ ఆర్టికల్ ఆ ఒక్క లైన్ గురించి. మీ ఇంట్లో కూడా ఇంగ్లీష్ చీటీలు చదివేది మీరే అయితే, ఇది మీకోసమే.

దసరాకి ఇంటికెళ్ళేసరికి

దసరా సెలవులకి వెళ్ళేసరికి సంచి తీసేశారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే అతుక్కుంది. కానీ తాత చెయ్యి పైకి లేవట్లేదు. ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. అంగీ అవ్వ తొడుగుతోంది. "ఎముక అతికింది గదా, చెయ్యి ఎందుకు లేస్తలేదురా?" అని నన్నే అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆ లైన్.

ఎందుకు లేవదో తర్వాత నేర్చుకున్నా. భుజం కీలు చుట్టూ పల్చటి సంచి లాంటి పొర ఉంటుంది. చెయ్యి అన్ని వైపులా తిరగాలంటే ఆ పొర వదులుగా ఉండాలి. వారాల తరబడి కదలకుండా ఉంచితే అది ముడుచుకుని బిగుసుకుపోతుంది. చుట్టూ ఉన్న కండరాలు కూడా వాడకం లేక సన్నబడిపోతాయి. ఎముక అతుక్కోవడం ఒక పని, కీలు కదలడం ఇంకో పని. మొదటిది శరీరం తనంతట తానే చాలావరకు చేసుకుంటుంది. రెండోది మనం చేయాలి. పైగా తాతకి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకి భుజం పట్టేయడం మామూలు వాళ్ళ కంటే ఎక్కువ, వదలడానికి టైమ్ కూడా ఎక్కువే పడుతుంది.

అంటే డాక్టర్ ఆ లైన్‌ని ఊరికే రాయలేదు. అది కూడా మందే, మాత్రలతో సమానంగా.

అసలు ఫిజియోథెరపీ అంటే ఏంటి?

మా ఊళ్ళో ఎవరినడిగినా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "కరెంటు పెడతరు". రెండు, "మాలిష్ చేస్తరు". రెండూ అందులో ఉండొచ్చు కానీ, రెండూ అసలు విషయం కాదు. దెబ్బ వల్లో, జబ్బు వల్లో, ఆపరేషన్ వల్లో పోయిన కదలికని, బలాన్ని, బ్యాలెన్స్‌ని మళ్ళీ తెచ్చుకోవడానికి ఒక పద్ధతిగా చేసే వైద్యం ఫిజియోథెరపీ. అందులో పెద్ద భాగం వ్యాయామం. ఎవరికి ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలిసినవాళ్ళే ఫిజియోథెరపిస్టులు.

మన దేశంలో ఈ చదువు 1950ల మొదట్లో ముంబైలో మొదలైంది. పోలియో వచ్చిన పిల్లల కాళ్ళూ చేతులూ మళ్ళీ పనిచేయించాల్సిన అవసరం దాని వెనకాల ఉంది. ప్రపంచ స్థాయి ఫిజియోథెరపీ సంఘం 1951 సెప్టెంబర్ 8న ఏర్పడింది, అందుకే ఏటా ఆ రోజున ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరుపుతారు. బీపీటీ అనే డిగ్రీ మన దగ్గర చాలా ఏళ్ళ పాటు నాలుగున్నరేళ్ళ చదువుగా ఉండేది, అందులో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. మన బీటెక్ కంటే ఆరు నెలలు ఎక్కువే. 2021లో కేంద్రం అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చినప్పుడు ఫిజియోథెరపీని కూడా అందులో చేర్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొత్తగా వెళ్ళేవాళ్ళు మొదట చూసుకోవాల్సింది ఇదే. మీకు చికిత్స చేసేవాళ్ళు బీపీటీ గానీ ఎంపీటీ గానీ చదివారా అని అడగడంలో తప్పేం లేదు. తాత విషయంలో పక్కింటాయన "నూనె రాసి గట్టిగ గుంజితే అదే లేస్తది" అన్నాడు. కొత్తగా అతికిన ఎముకని, బిగుసుకుపోయిన కీలుని తెలియనివాళ్ళు గుంజితే మళ్ళీ విరగొచ్చు, కండరం చిరగొచ్చు. ప్రేమతో ఇచ్చిన సలహానే, కానీ వద్దు.

మా మొదటి తప్పు: మిషన్ చేస్తుందిలే అనుకోవడం

దసరా తర్వాత చిన్నాయన తాతని టౌన్‌లో ఒక సెంటర్‌కి తీసుకెళ్ళాడు. ఆ సెంటర్ పేరు ఇక్కడ అనవసరం. వెళ్ళగానే మంచం మీద పడుకోబెట్టి, భుజానికి ప్యాడ్‌లు అంటించి, పావుగంట కరెంటు పెట్టి, తర్వాత వేడి కాపడం పెట్టి పంపించేశారు. నాలుగు రోజులు ఇదే. చెయ్యి ఎంత లేస్తుందో ఎవరూ కొలవలేదు. ఇంట్లో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఐదో రోజు తాత, "గీ కరెంటుకు బస్సు కిరాయిలు దండుగ" అని మానేశాడు.

మిషన్లు దండగ అని నేననట్లేదు. ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి కరెంటు మిషన్లు, అల్ట్రాసౌండ్, మైనం, వేడి కాపడం, ఇవి కొందరికి నొప్పిని కాసేపు తగ్గిస్తాయి. నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో వ్యాయామం చేస్తే ఉపయోగం. కానీ బిగుసుకున్న కీలుని వదులు చేసేది, సన్నబడ్డ కండరాన్ని పెంచేది మిషన్ కాదు. యూట్యూబ్‌లో కోడింగ్ వీడియోలు ఎన్ని గంటలు చూసినా, మనం కీబోర్డ్ మీద చెయ్యి పెట్టకపోతే ప్రోగ్రామ్ రాయడం రాదు కదా. అచ్చం అంతే.

మిషన్ల విషయంలో ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో రాడ్లు, ప్లేట్లు ఉన్నా, గర్భవతి అయినా, క్యాన్సర్ ఉన్నా మొదటి రోజే చెప్పేయాలి. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. షుగర్ వల్ల కాళ్ళు, చేతులు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్ళకి వేడి కాపడం ఎంత వేడిగా ఉందో తెలియదు. తెలియకుండానే చర్మం కాలిపోతుంది. ఇంట్లో వేడి నీళ్ళ సంచి పెట్టుకునేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

సరైన మొదటి రోజు ఎలా ఉంటుంది?

దీపావళి తర్వాత మళ్ళీ అడిగి తెలుసుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళాం. ఈసారి నేనూ వెళ్ళా. ఆమె మాకంటే ఓ ఏడెనిమిదేళ్ళు పెద్దది ఉంటుందేమో. మొదటి రోజు దాదాపు ముక్కాలు గంట పట్టింది, అందులో చికిత్స చివరి పది నిమిషాలే.

ముందు మాటలు. ఎప్పుడు పడ్డాడు, ఏం మందులు వాడుతున్నాడు, షుగర్ ఎంత, బీపీ ఉందా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోగలుగుతున్నాడా అని. ఎక్స్‌రే, చీటీ చూసింది. తర్వాత కొలతలు. ప్రొట్రాక్టర్‌కి రెండు పొడుగు చేతులు తగిలిస్తే ఎలా ఉంటుందో అలాంటి పరికరం ఉంది, దాని పేరు గోనియోమీటర్. దాంతో చెయ్యి ముందుకి ఎంత లేస్తుంది, పక్కకి ఎంత, వెనక్కి ఎంత అని కొలిచి రాసుకుంది. ముందు నుంచి పూర్తిగా పైకెత్తితే 180 డిగ్రీలు. తాతది 70 దగ్గర ఆగిపోయింది. కండరం బలానికి 0 నుంచి 5 దాకా మార్కులు, నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు.

చివర్లో ఒక ప్రశ్న అడిగింది. "తాతా, ఈ చెయ్యి మంచిగైతే ముందుగాల ఏం పని చెయ్యాలనుంది?"

తాత ఆలోచించలేదు. "వల ఇసరాలె బిడ్డా."

ఆమె సరే అనలేదు, కాదనలేదు. "ముందు నీ అన్నం నీ చేత్తోని తినాలె. తర్వాత అంగీ నువ్వే తొడుక్కోవాలె. ఆ తర్వాత తెడ్డు. వల సంగతి ఎండకాలంల చూద్దాం" అంది.

ఇది చిన్న ప్రశ్నే కానీ చాలా ముఖ్యమైంది. "నొప్పి తగ్గాలి" అంటే ఫిజియోకి పెద్దగా ఏం తెలియదు. "కింద కూర్చుని లేవాలి", "బస్సు మెట్లు ఎక్కాలి", "నీళ్ళ బిందె ఎత్తాలి" అంటే దానికి కావాల్సిన కదలిక ఏంటో, బలం ఎంతో తెలుస్తుంది, వ్యాయామాలు దాన్ని బట్టి మారతాయి. కాబట్టి వెళ్ళేముందే మీ ఇంట్లో పేషెంట్‌తో మాట్లాడి ఆ పని ఏంటో అనుకుని వెళ్ళండి.

ఇంకా తీసుకెళ్ళాల్సినవి: పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ. వేసుకెళ్ళాల్సినవి: వదులు బట్టలు. భుజం అయితే సులువుగా తీయగలిగే అంగీ, మోకాలు అయితే పైకి మడవగలిగే ప్యాంటో లుంగీనో. ఆడవాళ్ళకి ఇబ్బందిగా అనిపిస్తే తోడు మనిషిని లోపలికి రానివ్వమని, వీలైతే లేడీ ఫిజియోనే చూడమని అడగొచ్చు. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, ముఖ్యంగా షుగర్ మందులు వాడేవాళ్ళు.

నొప్పి లెక్క

కొత్తగా వెళ్ళేవాళ్ళు మానేయడానికి పెద్ద కారణం నొప్పి. "నొప్పి తగ్గాలని పోతే ఇంకా లేస్తున్నది" అని తాత కూడా రెండో రోజే గొణిగాడు.

బిగుసుకున్న కీలుని కదిలిస్తే నొప్పి వస్తుంది. నొప్పి రావడం అంటే లోపల ఏదో పాడవుతోందని కాదు. అలాగని పళ్ళు బిగబట్టి ఎంతైనా భరించాలని కూడా కాదు. ఆమె మాకు చెప్పిన లెక్క ఇది. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు, ఐదు మార్కుల లోపు ఉండాలి. చేశాక మెల్లగా తగ్గాలి, మర్నాటికల్లా మామూలు స్థాయికి రావాలి. అలా వస్తే అదే మోతాదు కొనసాగించు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించు, కానీ పూర్తిగా మానేయకు. సూది గుచ్చినట్టు ఉన్నట్టుండి వచ్చే నొప్పి అయితే ఆపేసి ఫోన్ చెయ్.

చాలా రోజులు వాడని కండరాలు పనిచేస్తే ఒకటి రెండు రోజులు సలుపు ఉంటుంది. జిమ్‌లో చేరిన మొదటి వారం మనకి మెట్లు దిగడం ఎంత కష్టమో గుర్తుచేసుకోండి. అదే ఇది. ఆపరేషన్ అయినవాళ్ళు, విరిగిన ఎముక ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్, ఫిజియో ఇద్దరూ పెట్టిన హద్దు దాటకూడదు. "ఇంకా రెండు వారాలు బరువు మోపొద్దు" అంటే మోపొద్దు, నొప్పి లేకపోయినా సరే.

అసలు క్లినిక్ మన ఇల్లే

సోమశిల నుంచి రోజూ పోయి రావడం మా వల్ల కాదు. ఆటో, బస్సు, అక్కడ వెయిటింగ్ కలిపితే సగం రోజు పోతుంది, చిన్నాయన కూలి కూడా పోతుంది. ఈ మాట సిగ్గుపడకుండా ఆమెతో చెప్పేశాం. ఆమె ఏం అనుకోలేదు. "అయితే పది రోజులకోసారి రండి, మిగతాది ఇంట్లో చేయాలె. కానీ నిజంగ చేయాలె" అంది.

ఆలోచిస్తే లెక్క సింపుల్. రోజూ సెంటర్‌కి వెళ్ళినా అక్కడ ఉండేది అరగంట, ముప్పావు గంట. మిగిలిన 23 గంటలు ఇంట్లోనే. ఆ 23 గంటలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆ అరగంట ఏం చేస్తుంది?

ఇంట్లో తాతకి మూడు పనులు ఇచ్చింది. ఒకటి, నడుము వంచి, బాగున్న చేత్తో మంచం పట్టీ పట్టుకుని, కుడి చేతిని గడియారం లోలకంలా వేలాడేసి మెల్లగా ఊపడం. రెండు, తేలికైన వెదురు కర్రని రెండు చేతులతో పట్టుకుని, ఎడమ చేతి సాయంతో కుడి చేతిని పైకి లేపడం. మూడు, గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని సాలీడులా గోడ మీద పైకి నడిపించడం. కొన్ని వారాల తర్వాత దూలానికి తాడు వేసి గిలక లాగా లాగడం కూడా కలిపింది. తాడు మాత్రం తాత తన వల తాడే తెచ్చుకున్నాడు. ఒక్కో పని పదిసార్లు, రోజుకి మూడు పూటలు. ఇవి తాత భుజానికి, ఆ సమయానికి ఇచ్చినవి. చదివి మీ ఇంట్లోవాళ్ళతో యథాతథంగా చేయించకండి.

నేను ఫోన్‌లో రిమైండర్లు పెడతా, గూగుల్ షీట్ చేస్తా అన్నా. ఒక్కటీ పనిచేయలేదు. పనిచేసింది రెండే. మొదటిది, వ్యాయామాన్ని రోజూ ఎలాగూ జరిగే పనికి కట్టేయడం: పొద్దున చాయ్ తాగాక, మధ్యాహ్నం అన్నానికి ముందు, సాయంత్రం దీపం పెట్టే వేళ. అవ్వ చాయ్ గ్లాసు తీసుకుంటూనే "గోడ కాడికి పో" అనేది. రెండోది, బొగ్గు ముక్క. వేళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వెళ్ళాయో ఆదివారం ఆదివారం అవ్వ బొగ్గుతో గీత పెట్టేది. నేను ఇంటికి వచ్చినప్పుడు పక్కన తేదీలు రాసేవాణ్ణి.

ఆ గీతలు చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. మొదటి రెండు వారాలు గీత మీద గీతే, ఏ మార్పూ లేదు. చాలామంది మానేసేది ఇక్కడే. మూడో వారం రెండు వేళ్ళు పైకి, నాలుగో వారం ఇంకొంచెం. సంక్రాంతికి చుట్టాలొచ్చి ఐదు రోజులు మానేస్తే గీత కిందికి దిగింది. మళ్ళీ అక్కడికి రావడానికి పది రోజులు పట్టింది. ఇది నిచ్చెన ఎక్కినట్టు నేరుగా పోదు. పోతుంది, ఆగుతుంది, కొంచెం దిగుతుంది, మళ్ళీ పోతుంది. ముందే తెలిస్తే భయం వేయదు.

అందరికీ ఒకటే కాదు

మా తాతది భుజం. మీ ఇంట్లో ఇంకోటి కావచ్చు. కాబట్టి కొన్ని ముక్కలు.

పక్షవాతం: మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ముందు 108. ఫిజియో తర్వాతి మాట. రక్తం గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. పరిస్థితి కుదుటపడ్డాక ఫిజియో ఆసుపత్రిలోనే మొదలవుతుంది, నెలల తరబడి సాగుతుంది. మెదడులో బాగున్న భాగాలు పోయిన పనిని కొంతవరకు నేర్చుకోగలవు, కానీ వందల సార్లు చేయిస్తేనే. ఒక జాగ్రత్త: లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి గుంజొద్దు, భుజం కీలు జారుతుంది.

మోకాలు మార్పిడి: ఆపరేషన్ అయిన రోజో మర్నాడో నడిపిస్తారు. కంగారుపడొద్దు, అది పద్ధతే. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, కానీ అలాగే ఉంచితే కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది.

నడుము నొప్పి: వారాల తరబడి మంచం మీద పడుకోవడం పాత సలహా. చాలా నడుము నొప్పులకి వీలైనంత త్వరగా మామూలుగా నడవడమే మంచిది.

ఇక మనం: గ్రౌండ్‌లో చీలమండ మడత పడితే వారం కుంటి మర్చిపోతాం. వాపు తగ్గాక ఒంటి కాలి మీద నిలబడే బ్యాలెన్స్ వ్యాయామాలు చేయకపోతే అదే చీలమండ మళ్ళీ మళ్ళీ మడత పడుతుంది. మా హాస్టల్లోనే ఇద్దరున్నారు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఫిజియో చేయించుకుంటున్నా సరే, ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆపరేషన్ తర్వాత ఒక్క కాలి పిక్కే వాచి, నొప్పిగా, వేడిగా ఉండటం. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. నడుము నొప్పితో పాటు ఒంటికి, రెంటికి అదుపు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వాచిపోవడం. చేతిలోనో కాలిలోనో బలం రోజురోజుకీ తగ్గిపోవడం.

ఎక్కడికి వెళ్ళాలి?

ప్రైవేట్ సెంటర్లు ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా ఉన్నాయి. కానీ డబ్బు ఇబ్బంది ఉంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటితో ఉన్న ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నప్పుడే ఫిజియో గురించి అడగొచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. పుట్టుకతో కదలిక ఇబ్బంది ఉన్న బడి పిల్లలకి మండలాల్లో విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపిస్ట్ వచ్చి చూస్తారు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. మీ ఊళ్ళో అలాంటి పిల్లలుంటే చెప్పండి.

ఎక్కడికి వెళ్ళినా మొదటి రోజు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. సమస్య ఏంటి, ఏ కదలిక పోయింది? ఎన్ని వారాలు పట్టొచ్చు? ఇంట్లో ఏం చేయాలి, ఎన్నిసార్లు? ఏం చేయకూడదు? బాగుపడుతోందని ఎలా తెలుస్తుంది, మళ్ళీ ఎప్పుడు కొలుస్తారు? వ్యాయామం చేసి చూపిస్తున్నప్పుడు పర్మిషన్ అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోండి. బొమ్మల కాగితం కంటే, తన సొంత ఒంటితో తాను చేసిన వీడియో చూస్తే పెద్దవాళ్ళకి బాగా గుర్తుంటుంది. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పకుండా రోజూ కరెంటే పెడుతుంటే, వేరే చోటికి వెళ్ళడం గురించి ఆలోచించండి. మేం మూడు వారాలు పోగొట్టుకున్నాం.

ఇప్పుడు తాత

మార్చిలో నీళ్ళు వెనక్కి పోయాక ఇంటికెళ్ళా. గోడ మీద గీతలు నా తల దాటి పైకి వెళ్ళాయి. గోనియోమీటర్‌లో 130 వచ్చిందట. తాత తన చేత్తో అన్నం తింటున్నాడు, అంగీ తానే తొడుక్కుంటున్నాడు. పుట్టి తోలుతున్నాడు. సాయంత్రం నీళ్ళలో దించి పొద్దున తీసే వల అయితే చిన్నాయనతో కలిసి తీస్తున్నాడు.

విసురు వల మాత్రం రావట్లేదు. దానికి చెయ్యి వెనక్కి తిప్పి, పైకెత్తి, ఒక్కసారిగా విసరాలి. అంత కదలిక ఇంకా రాలేదు. మూడు వారాలకే మొదలుపెట్టి ఉంటే వచ్చేదా అని ఫిజియోని అడిగా. "చెప్పలేం తమ్ముడూ. కానీ ఛాన్స్ ఎక్కువ ఉండేది" అంది. తాతకి ఆ చీటీ సంగతి ఆ రోజే చెప్పేశా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నాకు సదువు రాదు, నీకు సదువొచ్చి సదవలేదు. సరే, ఇగ గోడ కాడికి పోదాం పా" అన్నాడు.

ఇప్పటికీ రోజూ మూడు పూటలు చేస్తున్నాడు. గీతలు ఇంకా కొంచెం కొంచెం పైకి పోతున్నాయి.

మీ ఫోన్‌కి కూడా ఏదో ఒక రోజు ఇంటి నుంచి చీటీ ఫోటో వస్తుంది. మాత్రల టైమింగ్స్ చెప్పి ఫోన్ పక్కన పెట్టేయకండి. కింద దాకా స్క్రోల్ చేసి, ఉన్న ప్రతి లైనూ చదివి, ఇంట్లోవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పండి.